సెమీకోలన్

కాబిట్టీలో జూన్ అంటే చలి.
గాజుగది బయట బకెట్లో నీళ్లు పలకలా బిగుసుకున్నాయి.
లోపల ట్రేలలో గోధుమ మొలకలు, తెగులు చల్లి పన్నెండో రోజు.
భూతద్దం నాది, నోట్‌బుక్ నెరీడాది.
నేను ఆకు తిప్పి చెబుతాను, ఆవిడ రాస్తుంది.

నాలుగు అంటే ఓడిన ఆకు.
కుంకుమ తెగులని మనవాళ్లు పెట్టిన పేరే పేరు,
వేలితో తడిమి బొట్టు పెట్టుకోవచ్చు.
మూడైతే కాస్త నయం.
అన్నిటికన్నా గట్టిదానికి అంకె లేదు,
ఒక సెమీకోలన్:
ఆకు మీద ఆవగింజలో సగమంత పాలిపోయిన చుక్క,
కొన్ని కణాలు చచ్చిన చోటు.

చచ్చింది గెలుపెలా అవుతుందని
మొదటి ఏడు నేనూ అడిగాను.
నెరీడా ముక్కు తుడుచుకుని,
"అది బతికున్నదాన్నే తింటుంది, పీనుగను ముట్టదు" అంది,
పాలబాకీ లెక్క చెప్పినట్టు.

రాత్రి మంచుతడిలో బీజం మొలిచి,
ఆకు ఊపిరి తీసే కంత వెతుక్కుని,
గోడకు కన్నమేసి చెయ్యి లోపలికి పెట్టగానే
ఎవరో ఆ చేతిని గుర్తుపట్టారు.
కేక లేదు. పిలవడానికి సైన్యం లేదు, నెత్తురే లేదు.
పొయ్యి ఆర్పి, దీపం ఆర్పి,
తన నూకలు తానే చెల్లగొట్టుకుంది ఆ గది.
పక్కగది గోడ దగ్గర చావు ఆగింది.

ఆగడమే కష్టం.
మూల నీలం కుండీలో ఒక మొక్కకి అది తెలీదు.
ఏ తెగులూ సోకకుండానే ఒళ్లంతా మచ్చలు,
దొంగ రాని రాత్రి కూడా ఇల్లు తగలబెట్టుకుంటుంది.
దానికి నీళ్లు పోసేటప్పుడు నేనేమీ మాట్లాడను.

పోయిన వారం కొత్త కుర్రాడు కీరన్
కంప్యూటర్లో పట్టిక శుభ్రం చేశాడు.
అంకెల మధ్య నలకల్లా కనిపించాయట,
నాలుగు వందల పన్నెండు సెమీకోలన్లు,
ఒక్క మీట నొక్కి ఊడ్చేశాడు.
"అచ్చుతప్పులనుకున్నా" అన్నాడు, చెవులు ఎర్రబడి.
మొక్కల్ని అప్పటికే ఆవిరిలో ఉడికించి పారేశాం.
మిగిలింది టీ మరకల నోట్‌బుక్.

ఇవాళ మళ్లీ కూర్చున్నాం.
నేను చదువుతుంటే వాడు కొడుతున్నాడు
ఒక్కొక్క చావునీ దాని గడిలోకి.
నూట ముప్పై దగ్గర వేళ్లు విరుచుకుని అడిగాడు:
"వీటికి ఫుల్‌స్టాప్ పెడితే పోదా?"

"దాని తర్వాత ఆకు ఉంది" అంది నెరీడా,
కెటిల్ పెట్టడానికి లేస్తూ.
నేను పేజీ తిప్పాను.
నూట ముప్పై ఒకటి.