బెత్తెడు జాగ

రాత్రి పదకొండింటికి టోయింగ్ బండి మీద దిగింది
ములుగు రోడ్డుల నా షెడ్డు ముందట.
తెల్లారి హైదరాబాద్ కంపెనీకి పోతదట.
"ముట్టకు ఓదెలన్నా, ఒక్క రాత్రి నీడ ఇయ్యి చాలు"
అన్నడు డ్రైవర్.

ముప్పై ఏండ్ల సంది డెంటర్ పని నాది.
సొట్ట చూస్తె చెప్త:
ఇది గోడ, ఇది బర్రె, ఇది కరెంటు స్తంభం,
ఇది మనిషి.
మనిషి సొట్ట లోతుండదు.
వెడల్పుగ ఉంటది,
ఎవలో అరచెయ్యి ఆనిచ్చి పోయినట్టు.

ఈ బండికి గదే సొట్ట.
కని బానెట్ వెనుకదిక్కు, అద్దం కాడ, లేచి ఉన్నది
బెత్తెడు.
ముందట లాకు మంచిగనే పడి ఉన్నది.
బువ్వ పొంగితె గిన్నె మూత లేచినట్టు.
విరిగిందనుకొని తోసి చూసిన. దిగలె.
టార్చి కొడితె కీలు పక్కన సన్నటి గొట్టం,
కాలిన మందు వాసన,
దీపావళి తెల్లారి మా గల్లీ వాసన.

డ్రైవర్ చాయ్ ఊదుకుంట చెప్పిండు.
బంపర్ల మెత్తటి నురుగు ఉంటదట, దాని ఎనుక
నరం లెక్క రబ్బరు గొట్టం.
కాలు తాకిందంటె అది పసిగడ్తదట.
కాలు తాకినంక నెత్తి బానెట్‌కు తాకే లోపు
రెప్ప కొట్టేంత సందు గూడ ఉండదు,
ఆ సందులనే మందు పేలి బానెట్ లేస్తదట.

"లేస్తె ఏమైతది?"
"కింద ఇంజన్ ఉన్నది గదనే.
రేకు వంగాలంటె జాగ కావాలె."

మా నాయన నేర్పింది వేరు.
ఇనుము గట్టిగుంటెనే బండి,
వంగేదాన్ని డబ్బ అంటరు, అనేటోడు.
గట్టిగనే చేసిన నేను.
జీపులకు ముందట మూడించుల పైపుతోని గార్డులు,
వెల్డింగ్ పెట్టి, నల్ల రంగు కొట్టి,
కొబ్బరికాయ కొట్టించి సాగదోలిన.
ఒక జీపు పరకాల రోడ్డుల ఎవర్నో గుద్దింది.
"గార్డు మీద గీత గూడ పడలేదన్నా"
అని మెచ్చుకుంట వచ్చిండు దాని ఓనరు.
నేను గూడ నవ్విన.
ఎవరిని గుద్దిందని అడగలె.

ఈసారి అడిగిన. "ఎవరు?"

యాకమ్మట. ఎనుమాముల మార్కెట్ల
రాలిన మిర్చి ఊడ్సుకునే ముసలామె.
గేటు కాడ లైటు లేదు. నెత్తి మీద మూట.
బండికి ముందట కన్ను ఉన్నదట,
తనంతల తానే బ్రేకు గూడ కొట్టిందట,
కని మూటెత్తిన మనిషిని మనిషని పోల్చుకునేసరికి
జర ఆలస్యమైందట.
బండికేం తెలుస్తది.
మనకే తెల్వకపాయె ఇన్నేండ్లు.

కాలు ఇరిగింది. ఎంజీఎం దవాఖానల ఉన్నది.
నెత్తికి ఏం కాలేదట.
కండ్లు తెరుసుడుతోనే "నా మూటేదిరా" అన్నదట.

డ్రైవర్ చాప మీద గురక పెడ్తున్నడు.
వైపర్ సందుల ఏదో ఎర్రగ మెరిసింది.
గుండె జల్లుమన్నది.
వేలు పెట్టి తీసిన:
తొడిమె ఊడిన మిరపకాయ.
ఇంకోటి. ఇంకో రెండు. గింజలు.
ముట్టొద్దన్నరు, ముట్టిన.
పైన రేకు, కింద ఇంజన్,
నడుమ నా నాలుగేళ్లు సరిగ్గ పట్టినయి.
గంత జాగ.
నా గార్డులల్ల ఎన్నడు గంత జాగ ఇడిసి పెట్టలె.

ఏరిన కాయలు పేపర్ల కట్టిన.
దవాఖానకు తీసుకపోతె నవ్వుతరేమో,
పావుకిలో గూడ లేవు.

మూలకు ఇంకో గార్డు నిలబెట్టి ఉన్నది,
సగం వెల్డింగ్ అయింది.
పొద్దుగాల నర్సంపేట ఆయన వస్తడు.
ఎనిమిది వందలు అడ్వాన్స్ తీసుకున్న, ఖర్చయినయి గూడ.
ఆయనకు ఏం చెప్పాలెనో అనుకుంట
కండ్లు నలుసుకున్న.
చేతికి మిర్చి ఉన్న సంగతి మరిచిపోయి.