లైను

బ్రాడీపేటలో వీధులుండవు,
లైన్లుంటాయి.
నాలుగో లైను, పద్నాలుగో అడ్డరోడ్డు.
చిరునామా భిన్నంలా రాసుకుంటాం,
పైన నాలుగు, కింద పద్నాలుగు.
కొత్త కొరియర్ కుర్రాడు దాన్ని కుదించాడో ఏమో,
రెండో లైను ఏడో అడ్డరోడ్డు నుంచి ఫోను చేశాడు.
"ఎక్కడండీ మీ ఇల్లు? లైన్లో ఉండండి."
లైన్లోనే ఉన్నాను బాబూ,
పుట్టినప్పటి నుంచీ.

మేడ మీద రేకుల గదిలో
సాయంత్రాలు ఇంగ్లీషు చెబుతాను.
చెప్పడమంటే
బోర్డు మీద ఒక మాట రాసి
దాని తెలుగు పిల్లల్ని అడగడం.

నిన్నటి మాట లైను.
నిఘంటువు నాకిచ్చింది గీత.
అది పక్కన రాసి, చాక్‌పీసు దులుపుకుని,
అయిపోయిందనుకున్నాను.

"వరస, టీచర్" అంది కోటేశ్వరి.
వాళ్ల నాన్న మిర్చి యార్డులో హమాలీ.
టిక్కీ మీద టిక్కీ పేర్చినట్టు
గాల్లో చేతులు ఆడించింది.
ఆ గాలికే నాకు తుమ్మొచ్చింది.

"చాలు" అన్నాడు యోహాను.
చాలంటే? ఆపమనా?
"కాదు టీచర్, నాగలి గీసేది.
చాలు వంకరపోతే మా తాత
ఎద్దుని వదిలేసి నన్ను తిట్టేవాడు."

వెనక బెంచీలో ఎవరో
"లైనెయ్యడం" అని గొణిగితే
ముందు బెంచీ మొత్తం పుస్తకాల్లో తల దూర్చింది.
దాని తెలుగు నేనడగలేదు.
ఆ వయసుకి అదే తెలుగు.

నేనూ ఊరుకోలేదు.
బారు, బంతి, రేఖ, గీటు,
పద్యంలో అయితే పాదం.
"లైనుకి కాళ్లుంటాయా?"
నడక బాగుంటే ఉంటాయిరా, అన్నాను.

గౌసియా మాత్రం ఏమీ రాసుకోలేదు.
చాలాసేపటికి
"మా నాన్న" అంది.

లైన్‌మన్ మస్తాన్‌వలి.
పోయినేడు కాదు, అంతకుముందు వేసవి.
గాలివానకి తెగిన తీగ కలపడానికి
పట్టాలకి అవతల, అరండల్‌పేట పదకొండో లైను చివర
స్తంభమెక్కాడు.
లైను క్లియరా అని అడిగాడు.
క్లియర్ అన్నారు సబ్‌స్టేషన్లో.
ఏ లైనని అడిగాడో,
ఏ లైనని విన్నారో.
మాటకి రెండర్థాలుంటే
ఒక్కోసారి మధ్యలో ఒక చెయ్యి ఉంటుంది.

బతికాడు. అంతే చాలు, అన్నారంతా.
ఇప్పుడా కుడి అరచెయ్యి
మీగడ కట్టిన పాలలాగా నున్నగా ఉంటుందట.
ఆయుష్షు గీత లేదు, ధనరేఖ లేదు.
"రాసిందంతా చెరిగిపోయింది,
ఇక మన ఇష్టం" అని నవ్వుతాడట.

మిషను నవ్వదు.
నెలకోసారి రేషను షాపు ముందు
ఎండలో లైను.
వంతొచ్చాక అద్దం మీద వేలు,
ఎర్ర దీపం.
"గీతలు పడటంలేదు, ఎడం చెయ్యి పెట్టు."
ఎడం చేతి వేళ్లని
ముప్పయ్యేళ్లుగా తీగలూ, కటింగ్ ప్లయరూ
అరగదీసి పెట్టాయి.
మళ్లీ ఎరుపు.
వెనక సంచులు పట్టుకున్నవాళ్లు
లైనాగిపోయిందని విసుక్కుంటారు.
అప్పుడు గౌసియా పక్కనుంచి వచ్చి
తన బొటనవేలు పెడుతుంది.
బియ్యం పడతాయి.

"అందుకని టీచర్,
లైనంటే మా ఇంట్లో ఇది"
అని వేలు పైకెత్తి చూపించింది,
సిరా మరక ఉన్న వేలు.

ఎవరూ నవ్వలేదు.
బోర్డు మీది గీత అన్న మాట కొట్టేద్దామని లేచాను.
కొట్టెయ్యాలన్నా
ఇంకో గీతే కదా గియ్యాలి.
చాక్‌పీసు పట్టుకుని నిలబడ్డాను.

అంతలో కరెంటు పోయింది.
వంతెన కింద ఏదో రైలు
తన దారిన తను పోతోంది.
చీకట్లో ఒక గొంతు,
"లైన్‌మన్‌కి ఫోన్ చెయ్యండి టీచర్!"

గౌసియా అలవాటుగా
నంబరు చెప్పడం మొదలుపెట్టి
ఆరో అంకె దగ్గర
ఆగింది.