పడవ మాన్యం

దస్తావేజు నకలు కోసం
రాజోలు రిజిస్ట్రారాఫీసు చుట్టూ మూడు రోజులు తిరిగాను.
చెదలు తిన్నంత తిని వదిలేసిన కాగితం.
పందొమ్మిదివందల ముప్పై ఒకటి.
ఆకొండి సోదెమ్మ, భర్త లేటు నరసావధాన్లు, సంతు లేదు,
పుట్టింటివారు పసుపుకుంకుమ కింద ఇచ్చిన
ఎకరం నలభై సెంట్ల కొబ్బరితోట
రేవు పడవకి రాసింది.

"ఏ కులంవారైనా, ఏ వేళప్పుడైనా,
రాత్రిపూట కేకవేసినా సరే,
కానీ పుచ్చుకోకుండా అద్దరి చేర్చవలెను.
అద్దరికి పోయేవారు ఉన్నంతకాలం
ఈ ధర్మం నడవవలెను."
'రాత్రిపూట' దగ్గర లేఖరి ఏదో రాసి
కొట్టేసి, పైన మళ్లీ రాశాడు.
ఆవిడ పట్టుబట్టి ఉంటుంది.

నేను వాదుల తరఫు.
సోదెమ్మ మరిది మునిమనవలు, ముగ్గురు.
ఒకరంటే ఒకరికి పడదు,
నా ఫీజు కూడా మూడు కవర్లలో ఇస్తారు.
మా వాదం చిన్నది:
వంతెన వచ్చి పన్నెండేళ్లు,
పడవతో పనిలేదు కనుక ధర్మం లేదు,
ధర్మం లేదు కనుక తోట మాది.
దేవాదాయశాఖ వారిది ఇంకా చిన్నది:
ఎవరిదీ కాకపోతే మాది.

రెండో ప్రతివాది సంగాని నూకరాజు,
తాత నాటి నుంచీ ఆ రేవులో పడవవాళ్లు.
వకీలు లేడు.
చెప్పులు కింద విడిచి బోనెక్కాడు.

వంతెన కట్టాక నీ పడవ ఎవరైనా ఎక్కారా?
"రోడ్డుండగా పడవెవరెక్కుతారండి, ఆయ్."
ఆ 'ఉండగా' నా చెవిని పడలేదు.
అక్కడ కూర్చోవలసింది.
చేప గట్టున పడ్డాక మళ్లీ గాలం వెయ్యకూడదని
మా సీనియరు చెబుతూనే ఉండేవారు.
వేశాను:
అయితే పన్నెండేళ్లుగా ఊరికే ఆ కాయలు తింటున్నావన్నమాట?

"వరదకి వంతెన మునగదండి.
వంతెన కాడికెళ్లే రోడ్డు మునుగుద్దండి.
ఏటా నాలుగు రోజులు, ఒక్కో ఏడు పదకొండు.
మొన్నేడు గేదెలు ఈదుకొచ్చేశాయండి,
దూడల్ని ఒళ్లో ఎట్టుకు దాటించాను.
ఓ రాత్రి పురిటి మనిషిని.
ఆ నాలుగు రోజుల కోసం
మిగతా మూడొందల అరవై
పడవకి తారెట్టుకోవాలి కదండీ."

స్టెనో వేళ్లు ఆగలేదు,
అంతా రికార్డులోకి ఎక్కింది.
వెనక బెంచీ మీద వాదులు ముగ్గురూ
మొట్టమొదటిసారి ఒక్కసారే నా వంక చూశారు.

జడ్జిగారు క్యాలెండరు తిప్పి
ఆగస్టు పద్నాలుగు వాయిదా అన్నారు.
నూకరాజు దిగబోయి మెట్టు మీద ఆగాడు.
"శ్రావణంలో వద్దమ్మా.
రేవులో ఉండాలండి."

ఆవిడ కాసేపు పెన్ను మూత పెట్టీ తీసీ
ఆగస్టు కొట్టేసి
పైన నవంబరు రాశారు.
అభ్యంతరమా అని నన్నడిగారు.
లేదన్నాను.

ఆ నెల రెండు కవర్లే వచ్చాయి.