శుక్రవారం పళ్ళు

బ్లాక్‌పూల్‌లో వాన నిలువుగా పడదు, పక్కవాటుగా కొడుతుంది.
గొడుగు తెరిచినవాళ్ళు ఊరికి కొత్త.
ఆయన గొడుగు లేకుండా వచ్చాడు,
టోపీలో నీళ్ళు గుమ్మంలోనే వంపి
"సెడ్రిక్ ఆలరెన్‌షా. ఎనభై ఒకటి.
పై దవడ మొత్తం, కింద సగం" అన్నాడు,
రైలు టికెట్టు అడిగినట్టు.

నేను డాక్టర్ని కాను.
వెనకగదిలో మైనం, ప్లాస్టరు, గులాబి పొడి.
నోళ్ళు నాకు అచ్చులుగానే పరిచయం.
ఈ గొంతుకి మాత్రం చేతిలో పని వదిలేసి లేచాను.

"మెట్లు జాగ్రత్త"లో తాతయ్య!
శుక్రవారం రాత్రి ఎనిమిదింటికి
టీ కప్పులో కట్టుడుపళ్ళు జారవిడిచే తాతయ్య.
అరవై మూడు వారాలు. పడతాయని అందరికీ తెలుసు.
మా అమ్మకి ఆ ఇంటివాళ్ళ లాంకషైర్ యాస
ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు.
పళ్ళు అర్థమయ్యేవి.
నవ్వు నాలుగు విధాల చేటు అని మమ్మల్ని కసిరి
తను ఐదో విధంగా నవ్వేది,
కొంగు నోట్లో కుక్కుకుని.

"అప్పుడు నాకు నలభై నాలుగు," అన్నాడు,
నేను ఆయన చిగురు పక్కన రంగులు పోల్చి చూస్తుంటే.
"ముప్పై రెండూ సొంతవే.
దగ్గొచ్చినట్టు చెయ్యి అడ్డం పెట్టి
అరచేతిలో దాచిన సెట్టు వదిలేవాణ్ణి.
మా అబ్బాయిగా వేసినాయన
నాకంటే మూడేళ్ళు పెద్ద."

మిగతావాళ్ళ గురించి అడిగాను. అడక్కుండా ఉండాల్సింది.

అమ్మ వేషం మార్జొరీ
బిస్కెట్ల ప్రకటనలో పదకొండేళ్ళు.
తర్వాత జడ్జి వేషానికి వెళ్ళినా
చేతిలో ట్రే పెట్టి పంపేవాళ్ళట.
మనవడు కీత్, బర్న్‌లీలో అద్దాల గదులు అమ్ముతాడు.
గడప దగ్గర కావాలని తట్టుకుని పడతాడు,
సంతకం అయిపోతుంది.

పక్కింటి హిల్డాకి ఏడేళ్ళూ ఒకటే మాట:
"ఉప్పుందా?"
సీరియల్ ఆగిపోయాక బోల్టన్‌లో
ఓ విషాద నాటకంలో రాణి అయింది.
భర్త శవం మీద పడి ఏడుస్తుంటే
పైవరసలోంచి ఎవడో, "ఉప్పుందా?"
ఏడుపు ఆపింది.
తల తిప్పకుండా, "లేదు" అంది.
హాలంతా విరగబడి నవ్వింది,
శవం కూడా కదిలిందట.
మర్నాటి నుంచి ఆమె రాలేదు.
ఏ నాటకానికీ.

"మీరో?"
"పియర్ చివర వేసవి షోలు. క్రిస్మస్‌కి ముసలమ్మ వేషాలు.
ఓసారి సూపర్‌మార్కెట్ తెరవడానికి పిలిచి
రిబ్బన్ కొరకమన్నారు."
"కొరికారా?"
"డబ్బు ఇచ్చారమ్మా."

అచ్చు పదార్థం నోట్లో పెట్టాక మూడు నిమిషాలు మౌనం.
కళ్ళు మాత్రం పైకప్పులో ఏదో వెతికాయి.
తీయగానే అన్నాడు:
"ఆ ఇంటికి మేడ లేదు, తెలుసా.
ఏడు మెట్లు, ఆ పైన ఒక చెక్కపలక. అంతే.
గుడ్‌నైట్ చెప్పి ఎక్కి
చీకట్లో మోకాళ్ళు ఒరుసుకుంటూ నిలబడేవాళ్ళం,
కింద నవ్వు తగ్గేదాకా ఊపిరి బిగబట్టి.
మార్జొరీ పిప్పరమెంట్లు పంచేది.
ఇప్పుడా పలక మీద
చోటు మరీ ఎక్కువైంది."

వెళ్ళబోతూ, టోపీ తిప్పుతూ,
"కొంచెం వదులుగా చెయ్యగలవా?"
జారకుండా చేయడానికే నాకు ఇరవై ఆరేళ్ళుగా జీతం.
ఆ మాటే చెప్పాను.
"మా హోంలో శుక్రవారం టీకి
అందరూ నా కప్పు వంకే చూస్తారు.
గారడీ చేద్దామంటే..."
చెయ్యి చూపించాడు. వణుకుతోంది.
"ఇప్పుడిక నిజంగానే పడాలి."

రెండు సెట్లు చేశాను.
ఒకటి బిల్లులో ఉంది.
రెండోదాన్ని ఆరుసార్లు అరగదీసి
నా కప్పు మీద పట్టుకుని వదిలి చూశాను.
మొదట ఠంగుమంది, బాలేదు.
తర్వాత చప్పుడే లేదు.
ఐదోసారికి సరిగ్గా అదే,
తలుపు వెనక నుంచి మా అమ్మ వినేది.
టీ నా అచ్చులన్నిటి మీదా చిందింది.

డబ్బా మీద చీటీ అంటించాను:
శుక్రవారం మాత్రమే.
తినడానికి కాదు.