నిరాపద ఇంటి మట్టం

నది అడుగు
నిరాపద మండల్ వాకిలి కంటే
నాలుగడుగులు ఎత్తున ఉంది.

లెక్క తప్పాననుకుని మళ్లీ కొలిచాను.
మూడోసారి మట్టపు కర్ర అతనే పట్టుకున్నాడు,
మోకాలిలోతు నీళ్లలో, నిటారుగా,
బడిలో నిలబడమన్న పిల్లాడిలా.

నేను రాజ్‌షాహీ వాణ్ణి, పొడినేల మనిషిని.
ఖుల్నా దిగువకి రావడం అదే మొదలు.
చేతిలో కొత్త అప్పు తాలూకు కాగితం:
కట్టను ఇంకో ఆరడుగులు లేపాలి,
ఎక్కడెక్కడ ఎంత మట్టి పడుతుందో చెప్పాలి.

"పాత కట్టా నేనూ ఒక ఈడు వాళ్లం" అన్నాడు.
అతను పుట్టిన ఏడే తట్టలకొద్దీ మట్టి పడింది.
ఇక ఆపద లేదని తండ్రి ఆ పేరు పెట్టాడు.
ఊరికేమో పేరు పోయి అంకె వచ్చింది.

అంతకుముందు ఉన్నది ఎనిమిది నెలల కట్ట.
వానలు పడగానే ఊరే దాన్ని తెంచేది.
మిగతా నాలుగు నెలలూ నది
పోటుకి లోపలికొచ్చి, ఆటుకి వెళ్తూ
గోరు మందం ఒండ్రు పెట్టి పోయేది,
పూటకూళ్ల బాకీ తీర్చినట్టు.

కొత్త కట్టకి మొదటి పదిహేనేళ్లూ బంగారమే,
అది అతనే ఒప్పుకున్నాడు.
రెండు పంటలు. ఒక సైకిలు.
బినోదినికి ముక్కుపుడక.
తుపాను రాత్రి కూడా ఆరని పొయ్యి.

మరి ఒండ్రు ఎక్కడికి పోతుంది?
తలుపు తియ్యని ఇంటిముందు చుట్టంలా
నది తన ఒళ్లోనే తను చతికిలబడింది.
అది ఎత్తయింది, చేను కుంగింది.
తూము తలుపు బురదలో కూరుకుపోయింది.
సముద్రాన్ని రానివ్వని కట్ట
వాననీ పోనివ్వలేదు.

రెండేళ్లు మంచం మీద వంట.
బినోదిని పోయినప్పుడు
కట్టెలు పేర్చడానికి పొడిచోటు
కట్ట ఒక్కటే.
ఆ మాట చెప్పి, కర్ర చెయ్యి మార్చుకున్నాడు.

నా ఫారంలో ఒక గడి ఉంది: రక్షణ పొందే జనం.
ఒండ్రుకి గడి లేదు.

లేపొద్దు, కొయ్యాలి అంది ఆ రాత్రి ఊరు.
ఎవరి చేలోకి? అక్కడ అందరూ ఆగారు.
లోపలికొచ్చిన నది నాలుగేళ్లు కదలదు,
అన్నిటికంటే పల్లం సకీనా బీబీ మూడు బిఘాలు.
"అన్నాళ్లూ నా పిల్లలు బురద తింటారా?" అంది.
లాంతరు చుట్టూ పురుగులు.
రొయ్యల మడుల ఆసామి ముందే లేచి వెళ్లిపోయాడు.
చివరికి ఇంటికింత ధాన్యమని
ఒక నోటుబుక్కులో రాసుకున్నారు.
సంతకాలకంటే వేలిముద్రలే ఎక్కువ.
ఆ పుస్తకం ఆమె తన దగ్గరే పెట్టుకుంది.

పలుగులు పడ్డప్పుడు నేను లేనని రాశాను.
మట్టపు కర్ర పోయిందని కూడా.
దాని ధర ఆఫీసు జీతంలో కోసుకుంది.

జ్యేష్ఠంలో సకీనా ఫోన్ చేసింది.
ధాన్యం ఏడిళ్లవాళ్లు ఇంకా ఇవ్వలేదట.
ఒక మేకని అమ్మేసిందట.
తన చేలో పాతిన కర్ర మీద
కిందనుంచి మొదటి అంకె కనిపించడం లేదట.

నీళ్లా, అని అడిగాను.

"కాదు. వేలు పెట్టి చూశాను. మన్నే."