సౌత్ యారాలో దిగేటప్పుడు

రోజూ ఉదయం ఆరూ నలభైకి
రైల్లో ఒక ఆడగొంతు నీ ఇంటిపేరు పిలుస్తుంది.
మనం ర కింద ర వేసి నొక్కేదాన్ని
ఇక్కడ సాగదీసి యారా అంటారు.
అదొక నది. ఎరుపేం కాదు,
వరదప్పటి మన శారదా నీళ్ల రంగు.
తలుపులు తెరుచుకుంటాయి.
నీ పేరు మీద దిగి ఆసుపత్రికి నడుస్తాను,
ఎవరెవరి చేతుల్లోనో రక్తనాళం వెతకడానికి.

పదిహేడు నెలలు, సన్యాసిరావ్.
పదో తరగతి సర్టిఫికెట్లో నీకు రావు లేదు.
పాస్‌పోర్టులో వై పక్కన ఏ,
పాన్ కార్డులో వై పక్కన ఈ.
ఈ ముగ్గురూ ఒక్కరేనని ప్రమాణపత్రం కావాలన్నారు.
ఊరందరి కాగితాలకీ నకళ్లు తీసే జిరాక్సు షాపువాడివి,
నోటరీ ముందు నిలబడి
నేను నేనే అని సంతకం పెట్టొచ్చావు.
ఆ రాత్రి ఫోన్లో నవ్వలేదు నువ్వు.
"నాను నానేనా అని ఓ నిమిషం
అనుమానమొచ్చీసిందే" అన్నావు.

సన్యాసి అంటే అర్థమేమిటని
ఇంతవరకూ ఎవరూ అడగలేదు.
అదొక్కటే మన అదృష్టం.

మన పెళ్లికి ఎవర్నీ పిలవలేదు.
రెండోసారి కదా, ఇద్దరికీ.
అనకాపల్లి రిజిస్ట్రారాఫీసు, ముగ్గురు సాక్షులు,
అందులో ఒకడు నీ షాపు కుర్రాడు.
బస్టాండు దగ్గర కొన్న దండలు
మెట్లు దిగేలోపే తీసి సంచిలో కుక్కాను.
ఫోటోలు నాలుగు.
ఒకదాంట్లో నీ కళ్లు మూసుకుపోయాయి.
అంత గుట్టుగా చేసుకున్న పెళ్లిని పట్టుకుని
ఇప్పుడు ఫారం అడుగుతోంది:
మీ బంధం గురించి ఎవరెవరికి తెలుసు?

ఎవరెవరికి తెలియకూడదో
ఆ జాబితా అయితే నా దగ్గరుంది.

మన ఫోను మాటలు నూట నలభై పేజీలయ్యాయి.
తిన్నావా. తిన్నా. ఏం కూర. ఆనపకాయ.
పడుకో. నువ్వు పడుకో.
చార్జరు కనపడ్డం లేదు. మంచం కింద చూడు.
పేజీకింతని డాలర్లు పోసి అనువాదం చేయించాను.
అనువాదకుడు ఫోన్ చేశాడు, మంచివాడే,
"ప్రేమ అన్న మాట ఒక్కచోటైనా
దొరికితే బావుణ్ణండీ" అన్నాడు.
నేనూ వెతికాను.
చార్జరు దొరికిన చోటు దొరికింది.

పక్కింటి కార్మెనా సాక్ష్యం రాసిచ్చింది.
మాల్టా మనిషి, ఎనభై దాటాయి,
కళ్లద్దాలు తుడుచుకుని తుడుచుకుని రాసింది:
"ఈమె రోజూ రాత్రి గోడ అవతల
ఎవరితోనో మాట్లాడుతుంది.
ఆ భాష నాకు రాదు.
గొడవ మాత్రం మొగుడితో పడే గొడవే."
అంతకంటె గట్టి కాగితం
మన ఫైల్లో ఇంకోటి లేదు.

ఇవాళ రైల్లో ఉండగా మెయిలొచ్చింది.
ముందు కళ్లు మూసుకున్నాను, ఆ ఫోటోలో నీలాగ.
తెరిచి చదివితే
నీ పోలీసు సర్టిఫికెట్టుకి ఏడాది దాటిపోయిందట,
మెడికలు కూడా మళ్లీ కావాలట.
ఇరవై ఎనిమిది రోజులు గడువు.
పదిహేడు నెలలు వాళ్లు కూర్చుంటే ఆలస్యం కాదు,
మనకి మాత్రం రోజులు లెక్కపెట్టి ఇస్తారు.
ఎవరి రక్తం తీసినా ట్యూబు మీద
తేదీ, టైము రాసి అంటించేదాన్ని నేనే.
పాతబడితే పనికిరాదని తెలుసు.
మనుషులు కూడానా?

ఆ గొంతు పిలిచే ఉంటుంది, నేను వినలేదు.
తలుపులు మూసుకుని రైలు కదిలాక
కిటికీలోంచి నీ పేరు బోర్డు వెనక్కి పోవడం చూశాను.

ప్రారాన్‌లో దిగాను. చలి.
నీకక్కడ రాత్రి ఒంటిగంట దాటింది.
"పోలీసు సర్టిఫికెట్టు మళ్లీ తియ్యాలట.
తిన్నావా?" అని పెట్టాను.
నూట నలభై ఒకటో పేజీ.

అవతలి ప్లాట్‌ఫారం నుంచి వెనక్కొచ్చే రైలెక్కాను.
ఒక్క స్టేషనే.
సీట్లు ఖాళీగానే ఉన్నాయి,
పిలవకముందే లేచిన దానిలా
తలుపు దగ్గరే నిలబడ్డాను.