మురుగుకాలవ

ఉండి లాకుల అవతల, రొయ్యల మేత కొట్టు మీద గది మా ఆఫీసు.
కిటికీ తీస్తే చేపపిండి వాసన,
మూస్తే ఉక్క.
అక్కడే, ఇరవైమూడేళ్ళప్పుడు,
పదకొండు పనులు ఒక్క వరసలో ఇరికించి
కుర్చీలో వెనక్కి వాలాను.
ఎవరికీ అర్థం కాలేదు. అదే గొప్ప అనుకున్నాను.
ఆరు నెలలకి నాకూ అర్థం కాలేదు.

తర్వాత పెద్దరికం వచ్చిందనుకుని
రెండు చెరువుల కోసం రాయాల్సినదాన్ని
రెండువేల చెరువులకి సరిపడా కట్టాను.
పొర మీద పొర, మడత మీద మడత,
లోపల బెల్లం వెయ్యడం మరిచిన పూతరేకు.
రెండో చెరువుని తాతరాజు గారు
ఆ వేసవిలోనే పూడ్చి వరి వేశారు.

ఆ రాత్రి సంగతి చెప్పాలి.
ముసురు పట్టి, ఆకు కదలని రాత్రి.
మూడో నంబరు చెరువులో సెన్సారు
ఒంటిగంటకి మూగబోయింది.
కబురు రాకపోతే పాత అంకే చూపించమని
రాసింది నేనే.
మౌనం అర్ధాంగీకారం కదా మనకి!
తెర మీద అయిదు, అయిదు, అయిదు.
నీళ్ళలో ఊపిరి మాత్రం
రెండు దాటి కిందికి జారుతోంది.

నాలుగింటికి కాపలా ఏసుపాదం టార్చి వేస్తే
గట్టు పొడవునా ఎర్రటి కళ్ళు,
గాలి కోసం పైకి లేచిన మీసాలు.
పరిగెత్తి ఏరియేటర్లు తిప్పాడు.
సగం దక్కాయి.
ఫోన్ చేసి తిట్టలేదు.
"తెలీనప్పుడు తెలీదని చెప్పదాండీ మీ మిషను?"
అన్నాడంతే.

ఎనిమిదేళ్ళుగా
ఆ ఒక్క మాట మీదే పనిచేస్తున్నాను.

ఈ నేల మీద ప్రతి పంటకాలవకీ
కాస్త ఎడంగా ఓ మురుగుకాలవ ఉంటుంది.
పుట్టింది ఇక్కడే అయినా
ముప్ఫై దాటేదాకా దాన్ని సరిగా చూడలేదు.
నీళ్ళు తేవడమే విద్య అనుకున్నాను.
తెచ్చిన నీరు పోయే దారి
గుర్రపుడెక్క పట్టి పూడుకుపోతే
నాలుగు రోజుల వానకి చేను కుళ్ళుతుందని
లస్కర్లకి తెలుసు,
శివారు రైతుకి ఇంకా బాగా తెలుసు.

ఇవాళ ప్రవల్లిక
తను రాసింది చూపించింది. నలభై వరసలు,
ఎక్కడా తడబాటు లేదు. కళ్ళలో
నా పాత కుర్చీ వాలడం కనిపించింది.
బాగుందన్నాను. నిజంగానే బాగుంది.
"కరెంటు పోతే?" అని మాత్రం అడిగాను.
"ఇన్వర్టరు ఉంది సార్" అంది.
నవ్వొచ్చింది. ఆపుకున్నాను.
కొన్ని జవాబులకి రాత్రులే గురువులు.
అయినా ఆ రాత్రి ఖరీదు ఇంకొకరి చెరువు కాకూడదని
కుర్చీ లాక్కుని పక్కన కూర్చున్నాను.

ఈ వారం నేను రాసినవి మూడు వరసలు.
కొట్టేసినవి నాలుగొందలు పైనే.

మూడో నంబరు తెర మీద
ఇప్పుడు అప్పుడప్పుడూ
"తెలియదు" అని పడుతుంది.
ఏసుపాదం చెప్పులేసుకుని
టార్చి అందుకుంటాడు.